గుండిగ మీద పేర్లు

పోయినవారం అంతయ్యను దిల్‌సుఖ్‌నగర్‌లో తన ట్రావెల్స్ ఆఫీసు కొత్త బోర్డు కింద నిలబెట్టి వచ్చాం. పన్నెండేళ్లుగా ఆ బోర్డు మీద రెండు పేర్లుండేవి. ఒకటి నల్గొండ అంతయ్యది, రెండోది గుడివాడ రామమోహనరావుది. రంగు వెలిసిందని కొత్తగా రాయిస్తే అంతయ్య పేరొక్కటే వచ్చింది. "పెయింటరుకి రంగు అయిపోయిందయ్యా, మిగతాది రేపు రాస్తాడు" అన్నాడు రామమోహనరావు. అంతయ్య నమ్మాడు. బజారులో ఎవరి తూకాన్నీ నమ్మని మనిషి, రావు మాటను మాత్రం తూచకుండానే తీసుకుంటాడు. ఆ రేపు వచ్చి వెళ్లిపోయి వారమైంది. బోర్డు మీద రెండో వరస ఖాళీగానే ఉంది.

ఇద్దరికీ కాలం కలిసిరావడం లేదు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపు మీద ఉంది. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో అంటుంటే ముందుగా టికెట్టు కొని యాత్రకు వెళ్లేవాళ్లెవరు? వాళ్ల యాత్రల బస్సు సరూర్‌నగర్ షెడ్డులో దుమ్ము పట్టి నిలబడింది. రామమోహనరావు బావమరిది బెజవాడనుంచి ఫోను మీద ఫోను చేస్తున్నాడు, "వచ్చెయ్యండి బావగారూ, ఇక్కడ ఏదో ఒకటి చూసుకుందాం" అని. రావు సరేననలేదు, కాదనీ అనలేదు. కాదనకపోతే దాని ఖరీదెంతో అంతయ్యకు తెలుసు.

అందుకే అతను కొంగలకుంట పథకం పట్టుకున్నాడు. కొంగలకుంట అతను పుట్టిన ఊరు. తొలకరి పడగానే కుంట మధ్య తుమ్మచెట్ల నిండా కొంగలు గూళ్లు కడతాయి. ఇలాంటి ఊళ్లు చెడకుండా జనానికి చూపించడానికి సర్కారు డబ్బిస్తోందని పేపర్లో పడింది. అది వస్తే ఎల్బీనగర్‌నుంచి ఊరికి బస్సు తిప్పే పని తమకే దక్కుతుంది. పని ఉంటే రావు ఉంటాడు. బస్సు అప్పు తీరడానికని అంతయ్య అందరికీ చెప్పాడు. రావు కోసమని భార్య అండాలమ్మకు కూడా చెప్పలేదు.

ఊరిని చూసి ఔనో కాదో చెప్పాల్సిన అధికారి సూర్యప్రభ ఢిల్లీనుంచి వచ్చింది. అనంతపురం మనిషి, మాట మెత్తన, చూపు గట్టిది. ఆ ఆదివారం ఒక్కరోజే ఆమెకు వీలు, సాయంత్రం విమానం. అంతయ్య టవేరా తీశాడు. అద్దం మీద పెద్ద అక్షరాలతో టీజీ అని స్టిక్కరు అతికించాడు. రామమోహనరావు పక్క సీట్లో కూర్చుని, "నమస్కారమండీ, రావు అంటారు నన్ను" అని ఊరుకున్నాడు. ఏ మాటకైనా ముందు గుడివాడ ఊసు తెచ్చే మనిషి, ఆ రోజు తేలేదు. అంతయ్యకు అది అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు.

"లైట్లు పెట్టి, ఒక బోటు దింపితే జనం ఎగబడతరు మేడమ్" అన్నాడు అంతయ్య దిల్‌సుఖ్‌నగర్ దాటుతుంటే.

"జనం ఎగబడితే పక్షులేం చేస్తాయి?"

రావు సన్నగా దగ్గాడు.

"డబ్బు కొంచెం, అడిగే ఊళ్లు చాలా" అంది సూర్యప్రభ. "లైట్లకీ గేట్లకీ ఇచ్చి చూశాం అంతయ్య గారూ. లైట్లు పోతాయి, ప్లాస్టిక్ మిగులుతుంది. అందుకని ఇప్పుడు వరస మార్చారు. ముందు ఊళ్లోవాళ్ల చేతికి ఆదాయం. తర్వాత నీళ్లు, చెట్లు, పక్షులు. కట్టడాలు ఆఖరున, అదీ ఏమైనా మిగిలితే. రోజుకు ఎంతమందిని తెద్దామనుకుంటున్నారు?"

"ఒక్క బస్సు మేడమ్, అంతే."

"ఎంత బస్సు?"

"మా బస్సు."

"చిన్న బండ్లేనండీ" అని రావు అందుకున్నాడు. "ఇంటికి ఇద్దరు అతిథులు. ఊరివాళ్లు వండిన జొన్నరొట్టె, వాళ్ల మంచం, వాళ్ల వాకిలి. గుంపులొద్దు."

అంతయ్య అతనివైపు ఓరగా చూశాడు. యాభై సీట్ల బస్సు పెట్టుకుని ఇంటికి ఇద్దరంటాడేమిటి? అయినా వెనక సీటులో మేడమ్ తలూపడం అద్దంలో కనిపించింది. లాభం ఎటు ఉందో గ్రహించి గొంతు మార్చాడు.

"ఒక్క ముచ్చట జెప్పాలె మేడమ్. తాతల కాడికెల్లి మా ఊర్ల గీ నెలల్ల డప్పు ముట్టరు. కొంగలు గుడ్ల మీద కూసుంటయి గద, బెదురుతయని. పెండ్లి బరాత్ గుడ ఊరవతలికెల్లే తిప్పుతరు. ఇయ్యాల్టిదాంక ఒక్కడు తప్పలే."

"అది చూడడానికే వస్తున్నాను" అంది ఆమె. "కాగితాల మీద ప్రతి ఊరూ పచ్చగానే ఉంటుంది."

కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది. ముందు లారీలు, వాటి ముందు పొగ, పొగ వెనక జనం.

ఆ రోజు వంటా వార్పు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండి, అక్కడే కూర్చుని తిని, బండ్లు కదలనీయకుండా చేసే నిరసన అది. అంతయ్యకు తెలియక కాదు. జనం మధ్యాహ్నం తింటారు కదా, ఆలోపు ఎల్బీనగర్ చౌరస్తా దాటేస్తామని లెక్క వేసుకున్నాడు. తినే వేళే చూసుకున్నాడు కానీ, వండే వేళ సంగతి మరిచాడు. ఇంట్లో ఎన్నడూ పొయ్యి ముట్టించని మగవాడి లెక్క అలాగే ఉంటుంది. ఆడవాళ్లు పొద్దున్నే మూడేసి రాళ్లు పెట్టి, కట్టెలు రాజేసి, ఎసరు కూడా పెట్టేశారు.

అన్నింటికంటే పెద్ద పొయ్యి దగ్గర, గులాబీ రంగు కండువా నడుముకు బిగించి అండాలమ్మ నిలబడి ఉంది. ఈ ఒక్కరోజు ఆగమని పొద్దున అంతయ్య బతిమిలాడితే, "నీ మేడమ్ నీకు, నా రోడ్డు నాకు" అని మీర్‌పేటనుంచి ఆటో ఎక్కి వచ్చేసింది. ఆమె పక్కన చెంగు దోపుకుని, పొడుగాటి తెడ్డుతో అన్నం కలుపుతున్న మనిషిని చూసి రామమోహనరావు సగం కిందికి దిగి ఆగిపోయాడు.

"హనుమాయమ్మా! నువ్వేమిటి ఇక్కడ?"

"ఏం చెయ్యమంటారు మరి?" అంది అతని భార్య చెమట తుడుచుకుంటూ. "వదిన దగ్గర ఇంతమందికి సరిపోయే గిన్నె లేదంటే అటక మీది గుండిగ దింపి ఇచ్చాను. గిన్నె పంపి మనిషి రాకపోతే బాగుంటుందా?"

"మన ఆంధ్రావాళ్లు చూస్తే ఏమంటారే?"

"ఏమంటారు? పచ్చిపులుసులో ఉప్పు సరిపోయిందా అంటారు."

"ఉప్పు కాదన్నా" అని అండాలమ్మ నవ్వింది. "మా పచ్చిపులుసుల బెల్లం వేస్తనని పొద్దుగాల్నించి ఒక్కటే లొల్లి జేస్తుంది మీ ఇంటామె. జర జెప్పు. అమ్మా మేడమ్, దిగుండ్రి. బండి ఎటూ కదలదు. రెండు ముద్దలు తిని పోదురు."

సూర్యప్రభ దిగింది. ఎవరో ఆమె చేతిలో మోదుగాకు విస్తరి పెట్టారు. డివైడరు గట్టు మీద ఆమె, అటుపక్క రావు, ఇటుపక్క అంతయ్య కూర్చున్నారు. వేడి అన్నం, పప్పు, పచ్చిపులుసు. ఆమె నాలుగు ముద్దలు తిని, విస్తరి అంచు తిప్పి చూసింది.

"మీ ఊళ్లో కూడా ఇలాగే పెడతారా?"

"గింతకన్న మంచిగ పెడతరు మేడమ్" అన్నాడు అంతయ్య, ఒక్కసారిగా ఊపిరి వచ్చినట్టయి. బండి ఆగితే పని చెడుతుందనుకున్నాడు. ఆగడమే లాభమయ్యేట్టుంది.

అప్పుడు ఆమె ఇటు తిరిగింది. "రావు గారూ, మీరు ఈ ట్రావెల్స్‌లో ఏం చూస్తారు?"

"నేనాండీ? అంతయ్య గారి దగ్గర లెక్కలు రాస్తుంటాను. గుమాస్తాని."

ముద్ద అంతయ్య చేతిలోనే ఆగిపోయింది.

గుమాస్తా అన్నందుకు కాదు ముందు గుచ్చుకున్నది. అంతయ్య గారట. పన్నెండేళ్లలో రావు ఒక్కరోజు అతన్ని గారూ అనలేదు. కోపమొస్తే ఒరేయ్ అన్నాడు, సంతోషమైతే బావా అన్నాడు, మామూలుగా అంతయ్యా అన్నాడు. ఇద్దరి మధ్యా ఒక్క ముక్కలో గోడ లేచింది, అదీ పరాయి మనిషి ముందు.

వెంటనే అతని తలలో త్రాసు వేలాడింది. కాదు, ఈయన నా భాగస్వామి అంటే రావు అబద్ధమాడాడని తేలుతుంది. అబద్ధాలాడే కంపెనీకి సర్కారు పని ఇవ్వదు. నోరు మూసుకుంటే ఫైలు కదులుతుంది, పని వస్తుంది, కానీ ఏ మనిషి కోసం తెచ్చుకున్నాడో ఆ మనిషే గుమాస్తా అయిపోతాడు. ఎటు తూచినా నష్టమే. అతను నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. ఆ మూసుకోవడం రావు చూశాడు. చూసి, మంచి పని చేశావన్నట్టు చిన్నగా తలూపాడు.

ఇంతలో అడుగున ఉన్న అన్నం తోడడానికి ఆడవాళ్లిద్దరూ గుండిగను మసిగుడ్డలతో పట్టి ఇటువైపు వంచారు. ఇత్తడి గుండిగ. కింద అంతా మసి, పైన అంచు చుట్టూ మాత్రం కొట్టించిన అక్షరాలు తళతళలాడుతున్నాయి. పెళ్లికో గృహప్రవేశానికో ఇచ్చే గిన్నె మీద పేర్లు కొట్టించడం మనకు అలవాటే. సూర్యప్రభ తల వంచి పైకే చదివింది.

"అంతయ్య, రామమోహనరావు. మొదటి బస్సు కొన్న సందర్భంగా. కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి సన్నిధిలో అన్నదానం." తలెత్తింది. "ఈ రామమోహనరావు ఎవరు?"

"ఎవరేంది మేడమ్!" అంది అండాలమ్మ, గరిటె ఊపుతూ. "గాయినే! మీ పక్కల కూసొని పప్పు కలుపుతుండు గద. ఇద్దరి దుకాణమే. గుడి కాడ గీ బగోనలనే పులిహోర వండి బస్సు చక్రాలకు నిమ్మకాయలు పెట్టిండ్రు."

రామమోహనరావు బోర్డు మార్పించాడు, రసీదు పుస్తకాలు మార్పించాడు, విజిటింగ్ కార్డులు మార్పించాడు. తన ఇంటి అటక మీది గుండిగను మరిచాడు. దాన్ని తన భార్యే రోడ్డు మీదికి మోసుకొస్తుందని ఎలా అనుకుంటాడు?

"ఏమండీ" అంది హనుమాయమ్మ నెమ్మదిగా, "ఆవిడతో ఏం చెప్పారు?"

రావు విస్తట్లోకి చూస్తున్నాడు.

"గుమాస్తానని జెప్పిండు చెల్లె" అన్నాడు అంతయ్య. "రావు సాబ్, బోర్డుకు రంగు అయిపోలే. నీ పేరు నువ్వే తీపిచ్చినవ్."

"తీయించాను."

"నన్నడగకుండ?"

"అడిగితే ఒప్పుకుంటావా?" రావు తలెత్తాడు. "రూల్సు నువ్వు చదవలేదు, నేను చదివాను. మొదటి ప్రాధాన్యం స్థానికులకని రాసుంది. ఈ రోజుల్లో అందులో గుడివాడ పేరొకటి కనబడితే ఎవరైనా ఫైలు పక్కన పడేస్తారు. ఊరు నీది, కొంగలు నీవి. నా పేరు అడ్డమై అది పోతే, రేపు ఏ మొహంతో నీ ఎదురు కుర్చీలో కూర్చోమంటావు?"

"నువ్వు గా కుర్చీల కూసుంటానికే గదనయ్యా నేను గిదంత మొదలువెట్టింది!"

పక్క పొయ్యివాళ్లు కూడా ఇటు చూస్తున్నారు.

"ఏమిటి?"

"బస్సు కోసం కాదు, కొంగల కోసం కాదు. మీ బామ్మర్ది ఫోన్లు నాకు ఇనపడయనుకున్నవా? నీకింత పని జూపెడితే బెజవాడ పోవని... గంతే. నువ్వే లేకుంట పోయినంక గీ పైసలు నేనేం జేసుకోవాలె?"

రామమోహనరావు కళ్లద్దాలు తీసి పంచెకొంగుతో తుడిచాడు. ఎంత తుడిచినా అద్దాలు తేటపడలేదు, తడి అద్దాల మీద లేదు కనక.

"నేను వెళ్తానని ఎవరన్నారురా నీకు?" అన్నాడు చివరికి.

"పోనని నువ్వనలే."

"అదీ చెప్పాలా?"

"జెప్పాలె! జెప్పకపోతే ఎట్ల ఎరుకైతది?"

"గీ ముచ్చటేదో ఆఫీసుల కూసొని చాయ్ తాగుకుంట జెప్పుకుంటే అయిపోతుండె గద" అంది అండాలమ్మ. "సగం హైదరాబాద్‌ను ఆపి రోడ్డు మీద పెట్టుకుండ్రు పంచాయితీ." నవ్వులు లేచాయి. అంతయ్య గరిటె లాక్కుని రావు విస్తట్లో అన్నం గుమ్మరించాడు.

"తిను, గుమాస్తా."

"చిత్తం యజమాని గారూ" అన్నాడు రావు, ముక్కు ఎగబీలుస్తూ. "కాస్త పులుసు కూడా దయచేయించండి. బెల్లం వేసిందైతే మరీ మంచిది."

సూర్యప్రభ నవ్వలేదు. విస్తరి మడిచి పక్కన పెట్టింది.

"ఒక్క మాట అడుగుతాను. స్థానికులంటే మీ ఇద్దరూ ఎవరనుకున్నారు?"

"నేనే మేడమ్" అన్నాడు అంతయ్య. "పుట్టింది గాన్నే."

"ఇప్పుడు ఉండేది?"

"మీర్‌పేట."

"ఎప్పటినుంచి?"

"లగ్గమైనకాడికెల్లి."

"అయితే ఆ ఊరికి గుడివాడాయన ఎంత స్థానికుడో మీరూ అంతే."

జనం ఘొల్లున నవ్వారు. ఆమె చేయెత్తింది. "మీ బండి అద్దెకు తీసుకోవచ్చు. భాగస్వాములు ఏ ఊరివాళ్లయినా మాకు ఫర్వాలేదు. పేరు దాచినందుకు నాకు కోపం వచ్చింది, ఎందుకు దాచారో విన్నాక కొంత పోయింది, పూర్తిగా పోలేదు. కానీ డబ్బు వెళ్లేది ఆ కుంట పక్కన నిద్ర లేచేవాళ్లకు. రేపు ఇంట్లో మంచం వేయాల్సింది వాళ్లు, మనుషుల్ని చూసి కొంగలు లేచిపోతే బాధపడాల్సింది వాళ్లు. వాళ్లు సరేనంటేనే ఏదైనా. మీలో ఎవరైనా వాళ్లను అడిగారా?"

అంతయ్య రావును చూశాడు. రావు అంతయ్యను చూశాడు. తన ఊరే కదా, అడిగేదేముందని ఒకడు. వాడి ఊరే కదా, అడిగే ఉంటాడని ఇంకొకడు. ఒకరికోసం ఒకరు ఇంత కూడి ఇంత తీసివేశారు, సరుకు ఎవరిదో వాళ్లనే బేరానికి పిలవలేదు.

"మా అక్క కొడుకు శేఖర్ ఉన్నడు మేడమ్, ఊర్లనే. వ్యవసాయం చేస్తడు. పోరగాల్లంత వాని మాటే ఇంటరు."

"ఇప్పుడే చేయండి. స్పీకరు పెట్టండి, నేనూ వింటాను."

అంతయ్య చేయి కడుక్కుని ఫోను తీశాడు. కొత్తపేట డప్పులవాళ్లు కూడా విస్తళ్ల ముందు కూర్చున్నారు, రోడ్డంతా కాసేపు నిమ్మళంగా ఉంది. అవతల రెండు రింగులకే ఎత్తారు.

"శేఖర్, నేనురా, మామను. మేడమొచ్చింది. కర్మన్‌ఘాట్ మీదికెల్లి సాగర్ రోడ్డు పట్టి ఒస్తున్నం. ఊరోల్లను జర జమచెయ్."

"అందరం జమయ్యే ఉన్నం మామా. ఊరు ఊరంత కుంటకట్ట మీదనే ఉన్నం. ఈన్నే వంటా వార్పు."

"కట్ట మీదనా? కొంగలు గుడ్ల మీదున్నయి గదరా!"

"మాకెరుక లేదా?" శేఖర్ గొంతు గట్టిపడింది. "కుంటను టూరిస్టు కంపెనోల్లకు అప్పజెప్తున్నవంట గద. లైట్లంట, బోట్లంట. ఎవల్ని అడిగినవ్ మామా? మా అమ్మను అడిగినవా? నన్నడిగినవా? గందుకే పక్కూరికెల్లి డప్పులు తెప్పిచ్చినం. మంట మీద కాగుతున్నయి. మీ కారు పొలిమేర దాటంగనే మొదటి దెబ్బ పడ్తది. కొంగలే లేసిపోతే మీ మేడమ్ ఏం జూడనీకె ఒస్తదో మేమూ జూస్తం."

"శేఖర్, అరే, కొంగలేం జేసినయిరా..."

"గా మాట నువ్వు ముందుగాలనే అనుకోవాలె."

అంతయ్య ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వెళ్తే తాతలనాటినుంచి మోగని చోట డప్పు మోగుతుంది. వెళ్లకపోతే ఊరూ లేదు, పథకమూ లేదు, సర్కారుకు కుంట అమ్మబోయినవాడన్న పేరొక్కటే మిగులుతుంది.

సూర్యప్రభ వెళ్లి కారులో తన సీట్లో కూర్చుంది.

ముందుగా కదిలింది అండాలమ్మ. గుండిగలో మిగిలిన అన్నం మీద మూత పెట్టి, కండువాతో గట్టిగా కట్టింది. "వదినా, అటు పట్టు."

"ఎక్కడికే?" అన్నాడు అంతయ్య.

"మీ అక్క ఇంటికి. మీరిద్దరు పోతే అడిగినట్టుండదు, బేరమాడినట్టుంటది. మేమొస్తం." హనుమాయమ్మ అప్పటికే రెండో చెవి పట్టుకుంది. ఇద్దరూ గుండిగను తెచ్చి టవేరా వెనక భాగంలో పెట్టారు, పేర్లున్న వైపు బయటికి కనబడేలా. పక్క పొయ్యివాళ్లు రాళ్లు జరిపి, బండి కర్మన్‌ఘాట్ వైపు సందులోకి తిరగడానికి దారి ఇచ్చారు.

రామమోహనరావు అంతయ్య జేబులోంచి తాళంచెవి తీసుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. "ఎక్కు బావా" అన్నాడు. "పొలిమేర దాకా నేను నడుపుతాను. ఆ తర్వాత నడిచే వెళ్దాం."

అంతయ్య ఎక్కాడు. ఫోను ఇంకా చేతిలోనే వెలుగుతోంది, అవతల శేఖర్ కట్ చేయలేదు. ఫోనులో కట్టెలు చిటపటమంటున్నాయి. వాటి వెనక, చెట్ల మీద, గుడ్లు పొదిగే కొంగల కలకల. అంతలో ఎవరో, డప్పు కాగిందో లేదో చూడడానికి, వేలితో ఒక్కసారి తట్టారు.

కొంగల గోల ఆగిపోయింది.